ఆపివేసిన మూడు పరీక్షలు

రోజారాణి రేవు పక్కనున్న ఏక్‌బాల్‌పూర్‌లో పుట్టింది. అదే నగరంలో భవానీపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో పనిచేస్తున్నది. రేవు కార్మికుల హాజరు ప్రోగ్రామును ఎవరు సవరించినా, అది అమలులోకి వెళ్లేముందు, తప్పులు పట్టే 1,186 పరీక్షలు వాటంతటవే నడవాలి. అందుకు నలభై రెండు నిమిషాలు పట్టేది. దాన్ని పది నిమిషాల లోపుకు తేవడం ఆమెకు అప్పగించిన పని.

పరీక్షలను ఆరు భాగాలుగా విడదీసి ఏకకాలంలో నడిపించింది. తొమ్మిది నిమిషాల పది సెకన్లు. అయితే అన్ని భాగాలూ ఒకే డేటాబేసులో రాస్తున్నందున మూడు పరీక్షలు ఒకసారి నెగ్గేవి, మరొకసారి తప్పేవి. ఒక్కో భాగానికి వేరే డేటాబేసు ఇస్తే సరిపోయేది. దానికి రెండు రోజులు కావాలి. ఆమె ఆ మూడింటినీ ఆపివేసి, పక్కన ‘తాత్కాలికం’ అని రాసింది. పై అధికారి అరుంధతి అందరి చేతా చప్పట్లు కొట్టించింది. రోజారాణి ఆ మూడింటి మాట ఎత్తలేదు.

వాటిలో ఒకటి ఆమె స్వయంగా రాసినదే. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆమె కుటుంబంలో అన్నదమ్ములంతా పెద్దకొడుకులకు తమ తండ్రి పేరే పెట్టుకుంటారు. అందువల్ల ఆమె తండ్రీ పోలిరాజే, ఆమె చిన్నాన్న అని పిలిచే ఆయన పినతండ్రి కొడుకూ పోలిరాజే. ఇంటిపేరు, పుట్టిన సంవత్సరం కూడా ఒకటే. ఇద్దరూ రేవులోనే పని. అటువంటి ఇద్దరిని ప్రోగ్రాము ఒక్కరుగా తీసుకోకూడదన్నదే ఆ పరీక్ష.

ఐదు వారాల తరువాత ఒక సహోద్యోగి, రెండుసార్లు నమోదైన పేర్లను ఏకం చేసే సవరణ చేశాడు. అడ్డుకోవలసిన పరీక్ష నడవలేదు. మర్నాడు ఉదయం తండ్రి లోపలికి వెళ్లాక, చిన్నాన్నను గేటు వద్ద ఆపేశారు.

సాయంత్రం చిన్నాన్న నవ్వుకుంటూ ఆమె ఇంటికి వచ్చాడు.

“ఏటమ్మా, మీ మిషను నన్ను మీ నాన్నలో కలిపీసింది! ‘దాదా, నువ్వు లోపలే ఉన్నావు గదా’ అంటాడు గేటు కాడోడు. ‘మరి ఈడ నిలబడ్డోడు ఎవుడ్రా, నా దెయ్యమా?’ అన్నాను. మా పిల్ల సరిసేసేత్తాదని అందరికీ సెప్పొచ్చాను.”

ఆమె ఒళ్లోని లాప్‌టాప్‌లో ఆ పొరపాటుపై నివేదిక తెరిచే ఉంది. ‘కారణం’ అన్న గడిలో ‘సమాచార లోపం’ అని అప్పటికే రాసి ఉంచింది.

“పట్టుకోవలసిన పరీక్ష ఒకటుంది, చిన్నాన్నా. దాన్ని నేనే ఆపీసాను.”

“ఎందుకు?”

“మొత్తం తొందరగా అయిపోవాలని.”

“ఆ ఒక్కదానికి ఎంతసేపు పడతాది?”

“అర సెకను.”

ఆయన నవ్వు ఆగిపోయింది. “రేపు నన్ను ఎల్లనిత్తారా?” అన్నాడు.

ఆమె ఆ గడిలోని రెండు మాటలూ తుడిచి తన పేరు రాసింది. సహోద్యోగి చేసిన సవరణను వెంటనే వెనక్కి తీయమని కోరుతూ నివేదికను అరుంధతికి పంపింది. తరువాత, ఆయన వైపు చూడకుండానే, “ఎల్లనిత్తారు” అంది.