అలసిపోయిన వీరుడి తరఫున

అంతర్వేదిలో గోదారి సముద్రంలో కలిసేచోట ఎవరు మునిగినా చేపలు పట్టే ధనరాజునే పిలుస్తారు. బతికున్న మనిషి దొరకడం అరుదు. శవాన్ని మోసిన పడవ మైలపడిందని, ఆ తర్వాత కొన్నాళ్లు అతని భార్య నూకాలమ్మ గంపలోని చేపను ఎవరూ ముట్టరు. రమ్మనే హక్కు ఊరిది. మైల మాత్రం అతనిది. ఈ అన్యాయాన్ని ఆచారమంటారు.

ఆ మధ్యాహ్నం పక్కింటి సీతారత్నం ఇంట్లో నూకాలమ్మతో పాటు ఇరుగుపొరుగు ఆడవాళ్లు టీవీలో సినిమా చూస్తున్నారు. అందులో, ఒకప్పుడు ఆకాశంలో ఎగిరి జనాన్ని కాపాడిన వీరుడు, గడ్డం మాసి, తాగి పడుకున్నాడు. బయట ఎంత పిలిచినా తలుపు తీయడు.

"ఇదేం హీరో అండీ బాబూ! మా మావగారే నయం," అని సీతారత్నం నవ్వింది.

"శక్తున్నోడు సాయం చెయ్యాలిగానీ ఈ ఏడుపేంటి? ఇది తీసినోణ్ణి తన్నాలి," అంది వీరదుర్గ.

నూకాలమ్మకు ఒళ్లు మండింది. "ఏం, ఆడికి అలుపు రాదా? ఎగరడం చూసేరుగానీ, దిగేక ఆడెలా ఉన్నాడో ఎవరైనా అడిగేరా? తీసినాయన తప్పేం చూపించలేదు. ఉన్నదే చూపించేడు."

"ఆయ్, మా ధనరాజన్నయ్యగార్ని చూసే తీసేరేమో వదినా!" అంది సీతారత్నం.

అందరూ పకపకా నవ్వారు.

"మీ అన్నయ్య నిద్దట్లో పిల్లల్ని పేర్లెట్టి పిలుస్తాడు," అంది నూకాలమ్మ. "మాకా పిల్లల్లేరు. ఆళ్లంతా ఈయన నీళ్లలోంచి తీసినోళ్లే."

సీతారత్నం టీవీ కట్టేసింది. అంతలో పడవల పెద్ద జగ్గారావు రొప్పుతూ వచ్చాడు.

"ధనరాజేడమ్మా? సంగమం కాడ కుర్రోడు పడిపోయేడు!"

"రాడు బాబాయ్," అంది నూకాలమ్మ. "ఈసారికి మీరే ఎవరైనా ఎల్లండి."

"తల్లి ఇసకలో పడి దొర్లుతోందే!"

ఈలోగా ధనరాజు పక్కనే ఉన్న తన ఇంట్లోంచి బయటికొచ్చి, లుంగీ ఎగ్గట్టి రేవు వైపు నడిచాడు. ఆమె పరుగెత్తి అతని చెయ్యి పట్టుకుంది.

"వద్దు మావా."

"ఇంకా ఊపిరుంటాదేమోనే," అన్నాడు. ప్రతిసారీ అదే అంటాడు.

ఒడ్డున ఊరంతా నిలబడి ఉంది. పడవలో ఇంకో మనిషికి చోటుంది. రమ్మన్నట్టు ధనరాజు ఒక్కొక్కరి ముఖం చూశాడు. మగవాళ్లు చూపులు తిప్పుకున్నారు.

నూకాలమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపి పడవెక్కింది. ఏనాడూ ఆమెను నీటి దగ్గరకు రానివ్వని మనిషి, ఈసారి వద్దనలేదు. ఒక తెడ్డు ఆమె చేతికిచ్చి, అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.