ఎనిక్కు, మన్, నాకు

దవాఖానలో నాతో పనిచేసే మలయాళీ సిస్టర్ దగ్గర, డ్యూటీల మధ్యనే మలయాళం పట్టేశాను. ఇప్పుడు లాత్వియాలో నర్సు ఉద్యోగం కోసం ఫోన్‌లో వీడియో కాల్ మీద లాత్వియన్ పాఠాలు. అందులో "నాకు"ను "మన్" అంటారని తెలిసి సంబరపడ్డాను. మలయాళంలోనూ "ఎనిక్కు" అంటే నాకు; "ఎనిక్కు పఠిక్కణం" అంటే నాకు నేర్చుకోవాలని ఉందని. అదే ధీమాతో లాత్వియన్ టీచర్‌తో "మన్ యామాత్సాస్" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. "ఎవరు బలవంతపెడుతున్నారు?" అని ఇంగ్లీషులో అడిగింది. మలయాళంలో ఇష్టం చెప్పే ఆ వాక్యం, లాత్వియన్‌లో "నాకు నేర్చుకోక తప్పదు" అయి కూర్చుందట! నా మీద నాకే ఒళ్లు మండింది. ఆ రెండు వాక్యాలనూ యాభైసార్లు రాశాను.

బొగ్గుగనిలో పొద్దుటి షిఫ్టు దిగి ఇంటికొచ్చిన బాపు నా నోట్‌బుక్కు చూసి, "గీ తిప్పలెందుకు బిడ్డా? నీకిష్టమేనా, ఎవలన్న ఒత్తిడి వెడ్తున్నరా?" అన్నాడు.

"నేర్సుకోవాలె బాపూ."

ఆ "వాలె"లో ఇష్టమెంతో, తప్పనిసరి ఎంతో బాపు మళ్లీ అడగలేదు. ముప్పై ఏళ్లుగా తెల్లారకముందే "బొగ్గుబాయికి పోవాలె" అంటూ లేచే మనిషికి ఆ మాట విడమరిచి చెప్పేదేముంది?