మౌనిక కంప్యూటర్‌కు నేను చేసిన పూజ

మొన్న ఆబిడ్స్‌ల నేను చేసిన ఘనకార్యం ఇనుండ్రి. కొట్లాటకని ఒక దుకాణం మీదికి పోయి, గా దుకాణంలనే కూసోని చాయ్ తాగొచ్చిన. ఆ చాయ్ గొంతుల ఎట్ల దిగిందో నాకే ఎరుక.

మాది నాంపల్లి. బతుకంత కుట్టుమిషన్ తొక్కిన టైలర్‌ను. నా కొడుకు బిడ్డ మౌనిక బొమ్మలు గీస్తది. కాయితం మీద కాదు, కంప్యూటర్ల. ఆ కంప్యూటర్ గూడ తయారుగున్నది కొనలే. ఒక్కొక్క సామాను తెచ్చుకోని, ఇంట్ల దుప్పటి పరిచి, తనే బిగించుకున్నది. నేను పక్కన స్టూలేస్కోని చూసిన. ఒక వైరు వంకరగ పోతె విప్పించి మళ్ల కట్టిపిచ్చిన. "తాతా, లోపల ఎవరు చూస్తరు?" అన్నది. "ప్యాంటు లోపలి కుట్టు గూడ ఎవ్వరు చూడరు. అయినా సక్కగనే కుట్టాలె" అన్న. మూత పెట్టి ఒత్తితె లైట్లేస్కోని లేచింది. మంచిగ నడిచింది.

గంతల దసరా వచ్చింది. ఆ రోజు నా కత్తెరకు, టేపుకు, మిషన్‌కు అన్నిటికి బొట్టు పెడ్త. ఈసారి ఇంట్ల ఇంకో మిషన్ ఉండె. దాన్ని ఇడిచిపెడ్తె ఎట్ల?

"బిడ్డా, దీని పానం యాడుంటది?" అనడిగిన. కుట్టుమిషన్‌కైతె చక్రం కాడ పెడ్తం.

మౌనిక ముంగటున్న గుండ్రటి బటన్ చూపిచ్చింది. "గిది ఒత్తితెనే లేస్తది తాతా."

పానం గీడుంటె బొట్టు గూడ గీడనే. ప్యాకెట్ల గంధం నేను ముట్ట. సాన మీద అరగదీసి, చిక్కగ ముద్ద చేసి, ఫ్యాను గాలికి రాలద్దని బొటనవేలు పెట్టి అదిమిన. దాని మీద కుంకుమ. "నేను చెప్పేదాక చెరపకు" అని గట్టిగ చెప్పిన.

తెల్లారి పగటాల మౌనికకు పరీక్ష. పెట్టేది హిమాయత్‌నగర్‌ల బొమ్మలు గీసే ఒక కంపెనీ. వాళ్లు కంప్యూటర్లనే పని పంపుతరు, అడిగిన టైముల గీసి తిప్పి పంపాలె. నచ్చితె నౌకరి. కాలేజీ అయిపోయిన కాన్నుంచి పిల్ల ఫోన్ మోగితె చాలు ఉలిక్కిపడుతున్నది. గీ పిలుపు పోతె మళ్ల ఎన్నడొస్తదో.

పొద్దున బువ్వ గూడ తినకుండ కూసోని ఒత్తింది. లోపల ఫ్యాను జర తిరిగినట్టు చేసి ఆగింది. మళ్ల ఒత్తింది. ఏం లేదు.

ప్లగ్గు తీసి ఇంకో బోర్డుల పెట్టింది. వైరు మార్చింది. పక్క మూత ఇప్పి, లోపల పట్టీల లెక్కున్న సామాన్లు గుంజి మళ్ల గుచ్చింది. చెమట్లు వడుతున్నయి పిల్లకు.

"తాతా, జర బొట్టు తుడువనా? బటన్ సరిగ ఒత్తొస్తలేదు."

"బొట్టు తుడిస్తె నడుస్తదా? పండుగ తెల్లారే తుడుస్తరా ఎవరన్న? అంచు మీద గోరుతోని ఒత్తు."

పాపం, గోరుతోనే ఒత్తింది. ఏం లాభం లేదు. చివరికి అన్నది, "పవర్ సప్లై పోయినట్టుంది."

"అంటె ఏంది?"

"లోపల అన్నిటికి కరెంటు పంచే డబ్బ."

"యాడ కొన్నవ్?"

"ఆబిడ్స్‌ల."

"ఎవరి కాడ?"

ఇప్పిన మూత మళ్ల బిగించుకుంటనే అన్నది, "యాదగిరి అంకుల్ కాడ."

నాకు నెత్తి గరమైంది. గా యాదగిరి పెండ్లి ప్యాంటు నేనే కుట్టిన. ఒక కాలు పొట్టిగ కుట్టిండని బజారంత చెప్పుకున్నడు. మనిషి నిలవడుడే వంకరగ నిలవడ్తడు, నా కుట్టేం జేస్తది? గప్పటి సంది ఆయన దుకాణం ముంగట్నుంచి నేను నడువలే. మొజంజాహీ మార్కెట్‌కు పండ్లకు పోవాలన్నా చుట్టు తిరిగే పోత. ఇగ నాకు అనుమానమే లేదు. పాత డబ్బ అంటగట్టిండు. నా మీది కోపం పిల్ల మీద తీర్చుకున్నడు.

ఆటోల కంప్యూటర్‌ను చంటిపిల్ల లెక్క ఒళ్ల పెట్టుకోని పోయినం. దారంత మౌనిక ఒక్కటే మాట, "తాతా, నువ్వు మాట్లాడకు, నేను మాట్లాడ్త." ఔ అన్న. దిగినంక నేనే మాట్లాడిన.

"యాదగిరి, పిల్లకు పాత సామాను ఇచ్చినవ్ గదా."

"అరె, మాస్టర్! ఇన్నాళ్లకు మా గడప తొక్కినవ్. కూసో."

"కూసునేతందుకు రాలే. నా కుట్టు పోతె నేను ఇప్పి మళ్ల కుడ్త. నువ్వేం జేస్తవ్?"

"నాది తప్పైతె ఇప్పుడే కొత్తది బిగిస్త. నీది తప్పైతె?"

"నాదెందుకైతది? అయితె నీ చెయ్యి వట్టుకోని, తప్పు నాదేనని బజారంత ఇనేటట్టు చెప్త, పో."

గిరాకీలంత సామాన్లు చూసుడు బందుపెట్టి మా దిక్కు తిరిగిన్రు. మౌనిక ఫోన్ల టైము చూసింది. "అంకుల్, మీరిద్దరు తర్వాత కొట్లాడుకోండ్రి. స్క్రూడ్రైవర్ ఇయ్యుండ్రి" అన్నది.

మూత ఇప్పింది. బటన్ నుంచి లోపలికి పోయే సన్నటి వైరు ఊడవీకింది. అది గుచ్చుకునే తావుల రెండు సన్నటి పుల్లలున్నయి. స్క్రూడ్రైవర్ మొనతోని ఆ రెండిటిని ఒక్కసారి కలిపి తీసింది. ఫ్యాన్లు గిర్రున తిరిగినయి. లైట్లన్ని ఎలిగినయి.

"డబ్బ మంచిగనే ఉంది. లోపల అంత మంచిగుంది. పాడైంది బటనే" అన్నది.

యాదగిరి అద్దాలు పెట్టుకోని ముంగట్కి వంగిండు. "మాస్టర్, గిదేంది?"

"బొట్టు."

"అది కనవడుతుంది. ఎండి సిమెంటైంది గదా. బటన్ లోపలికి పోయి గట్లనే అతుక్కున్నది. ఇరవై నాలుగ్గంటలు ఎవరో ఒత్తి పట్టుకున్నట్టు. ఇగ మిషన్ ఎట్ల లేస్తది? ఎవరు పెట్టిన్రు?"

మౌనిక కిందికి చూసింది. తాత పెట్టిండని చెప్పొచ్చు. తుడువనియ్యలేదని గూడ చెప్పొచ్చు. చెప్పలే. చెప్తెనే మంచిగుండేది నాకు.

"నేనే" అన్న.

నా కాలర్‌ల ఎప్పుడు ఒక సూది గుచ్చి ఉంటది. తీసిన. గుండీకి కాజా కుట్టినట్టు బటన్ చుట్టు మెల్లగ తిప్పుకుంట గంధమంత గీకి తీసిన. టక్కుమని బటన్ బయటికొచ్చింది. మౌనిక వైరు మళ్ల గుచ్చి ఒత్తింది. లేచింది. పిల్ల నవ్వలే గాని ఊపిరి ఇడిచింది.

ఇంటికి పోయేంత టైము లేకుండె. యాదగిరి తన బల్ల మీది టీవీ లెక్కున్న తెర, కీబోర్డు, మౌసు గుంజి మౌనిక ముంగట పెట్టిండు. తన నెట్టు ఇచ్చిండు. "బిడ్డా, గీడనే కూసోని రాయి. ఫికర్ చెయ్యకు" అన్నడు.

నేను గడప కాడ స్టూలేస్కున్న. ఎవరన్న లోపలికొస్తె చెయ్యి అడ్డం పెట్టిన. "పరీక్ష నడుస్తుంది. లొల్లి వద్దు." ఒకాయన ఛార్జర్ కోసమొస్తె సాయంత్రం రమ్మని పంపిన.

"మాస్టర్, నా గిరాకినంత ఎల్లగొడుతున్నవ్" అన్నడు యాదగిరి మెల్లగ, చాయ్ గ్లాసు చేతుల పెట్టి.

"ఉష్" అన్న.

మౌనిక టైములనే పంపింది. మేం సామాన్లు సదురుకుంటుండంగనే ఫోన్ మోగింది. పిల్ల ఆబిడ్స్ రోడ్డు మీదికి ఉరికి మాట్లాడొచ్చింది. "బొమ్మ నచ్చిందట తాతా. సోమవారం ఆఫీసుకు రమ్మన్నరు." గప్పుడు నవ్వింది.

ఇగ నా మాట నేను నిలవెట్టుకోవాలె. రోడ్డు మీదికొచ్చి యాదగిరి చెయ్యి వట్టుకున్న. గొంతు సవరించుకున్న. పక్క దుకాణపోళ్లు గూడ తలలు బయటపెట్టిన్రు.

"వద్దు మాస్టర్, పెద్దోనివి" అన్నడు యాదగిరి. "దాని బదులు ఒక్క పని చెయ్యి. ఆ ఎదురుంగ దుకాణమోడు నా గిరాకినంత గుంజుకుంటున్నడు. జర ఆయన కంప్యూటర్లకు గూడ పూజ చేసి రారాదు?"

బజారంత పకపక నవ్వింది. మౌనిక గూడ నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నది. నాకు రోషం రావాలె. చూసుకున్న, యాడ లేదు.

"సాన ఇంట్లున్నది. రేపు పొద్దున తెస్త" అన్న.