విమల గారు వద్దన్న ప్రోమో

ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, పాలు పొంగకుండా చూస్తూ స్టవ్ దగ్గర నిలబడి ఉండగా, గట్టు మీద ఫోన్ గరగరమంది. తెర మీద ఎర్రటి అక్షరాలు: "అమెరికాలో మనవాళ్ళకు షాక్. పెట్టే బేడా సర్దుకోవాల్సిందేనా?" పక్కన ఎయిర్‌పోర్టులో ఏడుస్తున్న ఒక స్త్రీ. అది మా చానల్ కార్యక్రమమే. ముందు రోజు ఎడిట్ చేసింది నేనే. అందులో ఒక లాయరు కూర్చుని వీసా పొడిగింపు గురించి నిదానంగా చెబుతాడు, అంతే. ఏడ్చే స్త్రీ ఎక్కడా లేదు. అదంతా తెలిసి కూడా స్టవ్ ఆపి, నా కాగితాలు తీసి గడువు తేదీ మరోసారి చూసుకున్నాను. నేను ఇంకా వీసా మీదే ఉన్నాను.

అలాంటి భయం ఎక్కడ తయారవుతుందో నాకు చూపించినావిడ విమల గారు. ఆవిడ చనిపోయి నెల కావస్తోంది. ఇక్కడ అమెరికాలో, ఎడిసన్ అనే ఊళ్ళో మా ఆఫీసు ఒక టైలరింగ్ షాపు పైన ఉండేది. సీరియళ్ళకూ చర్చలకూ ప్రోమోలు కట్ చేయడం ఆవిడ పని. నేను ఆవిడ దగ్గర నేర్చుకునేవాణ్ణి. ప్రోమో తయారవగానే ఆవిడ లాప్‌టాప్ తీసుకుని మెట్లు దిగేవారు. కింద కాకినాడ నుంచి వచ్చిన మరియమ్మ గారు జాకెట్లు సరిచేస్తూ ఉండేవారు. ప్రోమో చూపించి విమల గారు ఒక్కటే అడిగేవారు.

"రేపు ఏం జరుగుద్దనుకుంటున్నారు?"

"కోడలు ఇల్లొదిలి వెళ్ళిపోద్దండి. ఖాయం."

"వెళ్ళదండీ."

"మరి ఆ పెట్టె ఎందుకు చూపించారు? నాకిక్కడ పన్లేదనుకున్నారేంటండి మీ టీవీవోళ్ళు?"

విమల గారు నవ్వేవారు. పైకొచ్చి ఆ పెట్టె షాట్ తీయించేసేవారు. ప్రోమో చూసిన మనిషి ఏమి జరుగుతుందని నమ్ముతుందో అది కార్యక్రమంలో ఉండాలి. ఆవిడకున్న నియమం అదొక్కటే.

తర్వాత మా చానల్ ఫోన్లో చూసే యాప్ అయింది. ఫలానా వేళకు ప్రసారం అన్న మాట పోయింది. ఫోన్ తెరను వేలితో తోసుకుంటూ పోయే మనిషిని ఒక్క క్షణం ఆపడమే మా పని అయింది. వీసాల మీద మొదటి కార్యక్రమానికి కొత్త మేనేజర్ దగ్గరుండి ప్రోమో చేయించాడు: సైరన్ మోత, మూసుకుంటున్న గేటు, "ఇక ఇంటికేనా?" అనే గొంతు. విమల గారు అలవాటు కొద్దీ దాన్నీ కిందికి తీసుకెళ్ళారు. చూస్తుండగానే మరియమ్మ గారి మిషన్ ఆగిపోయింది. వాళ్ళబ్బాయి వీసా పొడిగింపు అప్పటికింకా రాలేదు.

"మావోణ్ణి పంపించేత్తారా విమలమ్మా?"

"లేదండీ. ఇందులో అలాంటిదేం లేదు."

"మరి ఆ గేటు?"

విమల గారు కార్యక్రమం మొత్తం పెట్టి చూపించారు. అది అయిపోయాక కూడా మరియమ్మ గారు కొడుక్కి ఫోన్ చేస్తూనే ఉన్నారు.

పైకొచ్చి, "ఇది వెళ్ళకూడదు," అన్నారు విమల గారు మేనేజర్‌తో.

"మేడమ్, ఇంట్రెస్టింగ్‌గా ఉంటే తర్వాత చూద్దాంలే అనుకుంటారు. భయమేస్తే ఇప్పుడే క్లిక్ చేస్తారు."

"నేనుండగా వెళ్ళదు."

"అయితే మీరు లేనప్పుడు వెళ్తుంది."

అలాగే జరిగింది. ఆవిడ ఆఫీసు విడిచారు, ప్రోమో వెళ్ళింది. సామాను సర్దుకుంటూ ఆవిడ నాతో నెమ్మదిగా, "నువ్వుండు. జాబ్ పోతే నీ వీసా స్టేటస్ పోద్ది. కట్ చేసేటప్పుడు మాత్రం మరియమ్మ గారు చూస్తున్నారనుకో," అన్నారు.

ఇప్పటికీ అలాగే అనుకుని కట్ చేస్తాను. కానీ ఫోన్లో కార్యక్రమం పైన కనిపించే బొమ్మ నా చేతిలో లేదు. ఒక్కో కార్యక్రమానికి చాలా బొమ్మలు తయారవుతాయి. జనం ఎక్కువగా దేని దగ్గర ఆగితే సాఫ్ట్‌వేర్ దాన్నే ఉంచుతుంది. ఆ ఏడ్చే స్త్రీ అలా వచ్చిందే. ఆగిన మనిషి తర్వాత ఎవరికి ఫోన్ చేసిందో దానికి తెలియదు. నాకూ తెలియదు. అదే నా భయం. విడుదలకు ముందు ఒక మనిషికి చూపించి, ఏం జరుగుతుందనుకుంటున్నారని అడగడం మా ఆఫీసులో ఇప్పుడు లేదు.