వాన ప్రార్థనలో నా ఉపన్యాసం

నవ్వుకోండి, ఫర్వాలేదు. ఆ రోజు కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నవాళ్లే నవ్వారు. గుత్తికి అవతల మా ఊరి చర్చిలో వాన కోసం పెట్టుకున్న ప్రార్థనను, ఎవరి సాయమూ లేకుండా, నేనొక్కణ్ణే సర్వనాశనం చేశాను.

నా పేరు దేవదానం. పేరు గంగాభవాని, తాగబోతే నీళ్లు లేవన్నట్టు, దేవుడు నా పేరులో ఉన్నాడు గానీ నాలో లేడు. బెంగళూరులో చదువుకునే రోజుల్లోనే నమ్మకం జారిపోయింది. బస్సులో చెప్పు పోగొట్టుకున్నవాడిలా, దిగాక గానీ చూసుకోలేదు. చర్చి మాత్రం నాకు ప్రాణం. ఆ రాతి గోడలు, క్రిస్మస్‌కు అమ్మ చేసే కజ్జికాయలు, ఆమె పాడే పాటలు, ఇదంతా మా సంస్కృతి అని ఆఫీసులో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాణ్ణి.

అమ్మ చనిపోయాక ఆ పాటలు చెవిలో సగం సగం వినిపించేవి. మొదటి చరణం వచ్చేది, రెండోది ఎంత తడుముకున్నా అందేది కాదు. ఊళ్లో పెద్దవాళ్లు ఉండగానే ఫోన్‌లో రికార్డు చేసి దాచుకోవాలనిపించింది. అమ్మ చెల్లెలు సువార్తమ్మ చిన్నమ్మకు ఫోన్ చేస్తే ఆదివారం రమ్మంది. శనక్కాయ చేలు ఎండిపోతున్నాయనీ, వాన కోసం ప్రార్థన పెట్టుకున్నామనీ, అమ్మ పాడే పాటే పాడతామనీ చెప్పింది.

వెళ్లాను. ఫోన్‌ను బల్ల మీద నిలబెట్టి, పెళ్లిలో ఫొటోలు తీసేవాడిలా అందరినీ అటూ ఇటూ జరిపాను. పాట మొదలైంది. బయట మేక అరిచింది. ఆపి, మళ్లీ పాడమన్నాను. ఈసారి ఫ్యాను కిర్రుమంది. దాన్ని ఆపించి మళ్లీ పాడమన్నాను. పాపం, చెమటలు కక్కుతూ పాడారు. ఎవరో దగ్గారు. ఇంకోసారి అడగబోతుంటే చిన్నమ్మ నెమ్మదిగా అంది.

"ఇది నీ కోసం పాడ్తాండేది కాదప్పా. వాన కోసం."

సిగ్గేసి ఫోన్ ఆపి జేబులో పెట్టుకున్నాను. అక్కడితో ఊరుకున్నా పరువు దక్కేది. ఆ రోజు పాస్టరుగారు పక్కూరి పెళ్లికి వెళ్లారు. ముగింపు ప్రార్థన ఎవరు చేయాలని అనుకుంటుంటే చిన్నమ్మ నా వైపు తిరిగింది.

"ఎప్పుడూ మీ యమ్మ చేస్తాండె. నువ్వు చెయ్యి."

అమ్మ పేరు ఎత్తితే కాదనేదెట్లా? లేచాను. అందరూ కళ్లు మూసుకున్నారు, నా బుర్ర కూడా మూసుకుపోయింది. ఇన్నేళ్లుగా నేను నిలబడి మాట్లాడింది ఆఫీసు సభల్లోనే. గానుగెద్దులా నోరు తన పాత దారి పట్టింది. "ఈనాటి కార్యక్రమానికి తన అమూల్యమైన సమయాన్ని కేటాయించి విచ్చేసిన దేవునికి" అని మొదలుపెట్టి, సభ తరఫున ధన్యవాదాలు చెప్పి, మున్ముందు కూడా ఇలాగే సహకరించాలని కోరి, ఇంతటితో సభ ముగిసిందని కూడా ప్రకటించేశాను.

వెనక వరుసలోంచి యోహాను మామ గొంతు వినిపించింది.

"దేవున్ని బస్సెక్కించి పంపిస్తాండావా ఏమప్పా?"

చర్చి అంతా నవ్వు. చిన్నమ్మ ఒక్కతే నవ్వలేదు. కళ్లు తెరవకుండానే తగ్గు గొంతుతో అంది.

"ప్రభువా, బిడ్డ మాటలు మనసులో పెట్టుకోవాకు. వీళ్లమ్మ ఏమడుగుతాండెనో నీకు తెలుసు. అదే అడిగినాడనుకో."

నవ్వులు ఆగిపోయాయి. అందరితో పాటు నేనూ ఆమేన్ అన్నాను. పాటలో ఎంత వెతికినా దొరకని అమ్మ ఆ మాటలో ఉంది. నమ్మకమేమీ తిరిగి రాలేదు. నమ్మగలిగితే ఎంత బాగుండునని మాత్రం అనిపించింది. అన్నిటికన్నా ముఖ్యంగా దాచుకోవలసిన ఆ మాట నా ఫోన్‌లో లేదు.

బెంగళూరు వచ్చిన వారానికి చిన్నమ్మ ఫోన్ చేసింది. వాన పడిందా అని అడిగాను. ఊపిరి బిగబట్టి అడిగానని తర్వాత గానీ తెలియలేదు.

"పడినాది, పక్కూర్లో. నువ్వు ముందే థ్యాంక్సు చెప్పి సభ ముగిసిందంటివి. ఈడ పని అయిపోయిందనుకొని దేవుడు ఆడికి పోయినాడు."

కాబట్టి పాఠక మహాశయులారా, మీ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. దేవుడు ఉన్నా లేకున్నా, చేను తడిసిందని చిన్నమ్మ నోటితో చెప్పేదాకా ఆయనకు ధన్యవాదాలు చెప్పను. సభ ముగిసిందని మాత్రం బతికున్నంతకాలం ప్రకటించను.