మా బ్యాండు ఎందుకు నెమ్మదించింది

విజయవాడలో మాకో బ్యాండు ఉందని చెబితే ఎదుటివాళ్లు మొదట అడిగేది, "ఊరేగింపులకి వస్తారాండీ?" అని. కాదండీ, గిటార్లూ డ్రమ్సూ అంటే, "ఓహో, ఆర్కెస్ట్రానా! సినిమా పాటలు పాడతారన్నమాట" అంటారు. సినిమా పాటలు పాడం, మా పాటలు మేమే కట్టుకుంటాం, కొన్నిటికి అసలు మాటలే ఉండవు అని చెప్పాక ఇంకేమీ అడగరు. జాలిగా చూస్తారు. ఆ చూపుకి నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మేం ముగ్గురం. నేను బేస్ గిటారు వాయిస్తూ పాడతాను. నాతో ఇంజనీరింగ్ చదివిన ఇద్దరిలో ఒకతను గిటారు, ఇంకొకతను డ్రమ్సు. మాది రాక్ సంగీతమే గానీ పల్లవీ చరణం ఉండేవి కావు. ఒక్క పాటలోనే వేగం నాలుగైదు రకాలుగా మారిపోయేది. గిటారు తీగల మధ్య చెంచా దూర్చి వాయించడం, మిక్సీ రొద రికార్డు చేసి పాటలో కలపడం, అన్నీ చేశాం. కాలేజీ ఫెస్టుల్లో పిలిచి స్టేజి ఎక్కించినవాళ్లే రెండో పాటకి దించేసేవాళ్లు.

మొదట్లో భవానీపురంలో మా అపార్టుమెంటు పార్కింగులో ప్రాక్టీసు చేసేవాళ్లం. ఒకరోజు అసోసియేషన్ సెక్రటరీ గారు దిగొచ్చి, "అమ్మా, పైన పెద్దావిడకి గుండె దడగా ఉంటోందంట. మీరెక్కడన్నా ఖాళీ స్థలం చూసుకోండమ్మా" అన్నారు. ఎంతో మర్యాదగా వెళ్లగొట్టారు. ఊరంతా తిరిగాం, ఎవరూ చోటివ్వలేదు. చివరికి మా డ్రమ్మరే, "మంగళగిరి మా ఇంటికి రండి. మా వీధిలో చప్పుడు గురించి ఎవరూ అడగరు" అన్నాడు.

ఎందుకడుగుతారు, సగం ఇళ్లలో మగ్గాలు ఆడుతుంటే! వాళ్లమ్మగారిది గుంటమగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు జారవిడిచి కూర్చుని, కాలితో తొక్కుతూ చేత్తో తాడు లాగుతూ నేసేవారు. షెడ్డులో ఒక పక్క ఆవిడ, ఒక పక్క మేము. మా ఆంప్లిఫయర్ మీద ఆవిడ నూలు కండెల బుట్ట ఉండేది. "మీ గోల మీది, నా గోల నాది. కానియ్యండి" అన్నారు మొదటిరోజే.

ఆవిడ చేతికి ఊళ్లో పేరుంది. సన్న నూలు, జరీ అంచు చీరలంటే, నూలిచ్చి కూలికి నేయించుకునే షావుకారు గారు ముందు ఆవిడకే ఇచ్చేవారు. నేత బిగువు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కలాగే ఉంటుందని. ఆ మాట ఎవరైనా అంటే, "ఆ, ఏదోలెండి" అనేవారు గానీ, ఆ పూటంతా ఆవిడ మొహం వెలిగిపోతూ ఉండేది. ఇంట్లో ఆవిడకంటూ ఉన్న గొప్ప అదొక్కటే.

మేం అక్కడ చేరిన కొన్ని నెలలకి షావుకారు గారు రెండు చీరలు వెనక్కి పట్టుకొచ్చారు. మా ముందే వెలుతురుకి ఎత్తి చూపించారు. కాస్త దూరం దట్టంగా ఉంది, కాస్త దూరం పలచగా ఉంది, మళ్లీ దట్టం. "చెయ్యి తప్పుతోందమ్మా. వయసు మీద పడతంది గదా, ఏం చేస్తాం" అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆవిడ ఆ చీరలు తీసుకుని మడతపెట్టారు.

ఆ వారంలోనే అసలు సంగతి బయటపడింది. నేనూ గిటారు అతనూ వేగంగా ఉండే ఒక ముక్క సాధన చేస్తున్నాం. డ్రమ్మరు పుల్లలు పక్కనపెట్టి వాళ్లమ్మకేసే చూస్తున్నాడు. మేం వేగం పెంచితే ఆవిడ కాలు కూడా వేగం అందుకుంటోంది. అడ్డంగా పడ్డ పోగుని దగ్గరికి గుద్దే దెబ్బ తేలికైపోతోంది. మేం నెమ్మదిస్తే ఆవిడ దెబ్బ మళ్లీ గట్టిపడుతోంది. ఇదంతా ఆవిడకి తెలియనే తెలియదు. వీధిలోకి వచ్చాక డ్రమ్మరు, "ఆ చీరలు పాడుచేసింది మనమే" అన్నాడు.

"అయితే అమ్మగారికి చెప్పేద్దాం" అన్నాన్నేను.

"వద్దు. చెప్తే మనల్ని పొమ్మనదు. మనం ఉన్నంతసేపూ తనే మగ్గం ఆపుకుని కూర్చునుద్ది. నాకు తెలుసుగా మా అమ్మ సంగతి. తన దెబ్బకి తగ్గట్టు మనమే వాయిద్దాం."

అలా మా పాటలన్నీ నెమ్మదించాయి. వేగాలు మార్చడమే మా గొప్పనుకున్నవాళ్లం, ఒకే నడక మీద పాట కట్టడానికి మాకు తల ప్రాణం తోకకొచ్చింది. నేత మళ్లీ ఒక్క బిగువున రాసాగింది. కానీ ఈలోపే ఆవిడ షావుకారు గారి దగ్గరికి వెళ్లి, "నా చెయ్యి మునపట్లా లేదండీ. జరీ చీరలు ఇంకెవరికన్నా ఇవ్వండి" అని చెప్పేసి, డ్రెస్ మెటీరియల్ నెయ్యడానికి ఒప్పుకొచ్చారు. ఆ తర్వాత ఇక చీరలు అడగలేదు. "మంచిదేలే, కళ్లకి శ్రమ తగ్గింది" అన్నాడు మా డ్రమ్మరు.

విడ్డూరమేమిటంటే, మాకు కాస్తో కూస్తో పేరు వచ్చింది ఆ నెమ్మది వల్లే. నెట్‌లో పెట్టిన పాటలు ఎవరెవరో వినడం మొదలుపెట్టారు. తెనాలిలో, గుడివాడలో కుర్రాళ్లు బ్యాండ్లు పెట్టి మాలాగే కాళ్లీడ్చుకుంటూ వాయించారు. గుణదల నుంచి ఒక స్టూడెంటు అమ్మాయి వచ్చి, "మీ సంగీతంలో ఈ నిదానం వెనక ఫిలాసఫీ ఏంటండీ?" అని అడిగింది. మా గిటారు మహానుభావుడు గొంతు సవరించుకుని, కాలంతోపాటు పరుగెత్తకపోవడం కూడా ఒక తిరుగుబాటేనని సెలవిచ్చాడు. నాకు టీ కొరబోయింది. డ్రమ్మరు నవ్వలేదు.

మొన్న వేసవిలో ఆవిడ మోకాళ్లు పూర్తిగా పట్టేశాయి. గుంటలోకి దిగొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. మగ్గం ఆగిపోయింది. ఆ ఆదివారం మధ్యాహ్నం మేం ప్రాక్టీసుకి వెళితే, ఆవిడ షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. పక్కన మగ్గం చప్పుడు లేకపోయేసరికి మాకేం తోచలేదు. గిటారు అతను ఉన్నట్టుండి పాత పాట ఒకటి ఎత్తుకున్నాడు, వేగంగా ఉండేది. మేమిద్దరం అందుకున్నాం. తప్పులు బోలెడు దొర్లాయి గానీ, నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది నాకు.

ఆవిడ చివరిదాకా విన్నారు. "ఇది మీరు కొత్తల్లో వాయించిందేగా? మంచి హుషారుగా ఉండేది. ఎందుకు మానేశారమ్మా?"

గిటారు అతను తీగలు సరిచేసుకోవడంలో పడ్డాడు. డ్రమ్మరు తల దించుకున్నాడు. నాకు నోరాగదు. మా వేగం, ఆవిడ కాలు, ఆ రెండు చీరలు, అన్నీ చెప్పేశాను. మీ నేత చెడకూడదనే మానేశామండీ అన్నాను.

ఆవిడ తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నారు. తర్వాత, "అయితే చెయ్యి తప్పింది వయసు వల్ల కాదా?" అన్నారు.

"కాదండీ. ముమ్మాటికీ కాదు."

నావైపు చూడలేదు. కొడుకు వైపు తిరిగారు.

"ఆ ఒక్క మాట అప్పుడే చెప్తే ఏం పోయేదిరా? నా చెయ్యే పోయిందనుకుని చీరలు మానుకున్నాన్రా నేను."