కదలనివాళ్ళకు చెప్పే మనిషి

మా చాల్‌లో అన్నీ ఒంటిగది ఖోలీలే. పక్క ఖోలీలో ఉండే తమ్ముడు పోయాడు. నల్లా దగ్గర బిందె దించి కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. నాకు అక్షరం రాదు, చెప్పి రాయిస్తున్నాను. ఆయనకు పాపం అంటగట్టినవాళ్ళు కూడా ఇది చదవాలి.

మూడో దినం చాల్ మేడ మీద, ఆయన పేర పెట్టిన ముద్ద కాకి ముట్టాలని, పిట్టకు పెట్టాం. నీళ్ళ ట్యాంకు మీది కాకి దిగలేదు.

"ల్యాబుల ఎన్ని కుందేళ్ళ ఉసురు పోసుకున్నడో, యాడ ముడ్తది?" అన్నాడు మా గల్లీ పెద్దమనిషి.

"నువ్వు తిన్న కోళ్ళకు ఉసురు లేదా?" అన్నాను.

తమ్ముడు ల్యాబులో జంతువులను చూసుకునేవాడు. అక్కడ క్యురారే అని ఒక మందు ఉండేదట. "అది ఎక్కితే కాలు గుంజదక్కా, రెప్ప కొట్టదు. ఊపిరి గూడ మిషనే పొయ్యాలె. నొప్పి మాత్రం ఉంటది, చెప్పుకోరాదు" అనేవాడు. అందుకే ముందు మత్తు ఇవ్వాలి. ఒకనాడు తొందరలో ఉన్న ఒక డాక్టరు కుందేలుకు మత్తు ఇవ్వకుండానే ఆ మందు సీసా అడిగితే, తమ్ముడు పిడికిలి విప్పలేదు. "ముందు మత్తు, సాబ్" అన్నాడు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆయనతో గాజు సీసాలే కడిగించారు.

మూడేళ్ళ కింద తమ్ముడి భార్యకు పక్షవాతం వచ్చింది. మాట లేదు, చెయ్యి లేవదు. ఒత్తిగిలించే ముందు "తిప్పుతున్న" అనేవాడు. దుప్పటి తీసే ముందూ చెప్పేవాడు. ఆమెకేం వినిపిస్తుందని ఒకసారి అన్నాను.

"కదలనోళ్ళు విననోళ్ళా? నువ్వైతే కదుల్తవు గని వినవక్కా" అని నవ్వాడు.

మేడ మీద అందరూ కాకికి మొక్కుతున్నారు. "నీ పెండ్లాన్ని మంచిగ చూస్కుంటం, ముట్టయ్యా" అన్నాడు ఆయన అన్న. అప్పుడు నాకు తట్టింది. మూడు దినాలైంది, ఆ పెండ్లానికి ఎవరూ చెప్పనే లేదు. శవాన్ని దవాఖాన నుంచే కాటికి తీసుకెళ్ళారు. ఆమెకేం తెలుస్తుందిలే అన్నారు. నేనూ అన్నాను. రోజూ గంజి పోస్తూ, ఆమె చూపు గుమ్మం మీద ఉంటే తలుపు దగ్గరికి వేశాను.

పిట్ట ముట్టకపోతే తప్పు మనది, ఆయనది కాదు.

మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగాను. ఆమె పక్కన కూర్చున్నాను.

"చెల్లె, ఒకటి చెప్తున్న. నీ పెనిమిటి పోయిండు. నల్లా కాడ. ఎక్కువ తండ్లాడలే."

ముఖం కదలలేదు. కంటి కొస నుంచి నీరు జారి చెవి గుంటలో నిలిచింది. మేడ మీద ఏదో అలికిడి అయింది, పిట్ట దిగిందేమో, నేను తల ఎత్తలేదు. కొంగు చేతిలోకి తీసుకున్నదాన్ని ఆగాను.

"తుడుస్తున్న, చెల్లె" అన్నాను ముందు.